చిన్నోడు చూసిన యార్క్‌షైర్

బెజవాడ,
ఆదివారం సాయంత్రం.

చి. ల. సౌ. బుజ్జమ్మకు,

నాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అమ్మ మోకాళ్ళ నొప్పులు కూడా క్షేమంగానే ఉన్నాయి. అక్కడ ఇంగ్లండ్‌లో, మీ లీడ్స్‌లో నువ్వు, అల్లుడుగారు, చిన్నోడు బాగున్నారని తలుస్తాను.

నిన్న ఫోన్లో నువ్వన్న మాటలు రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. "రెండు వారాలైంది నాన్నా వాణ్ని ఎక్కడికైనా తీసుకెళ్ళి. ఒకటే వాన. నాలుగింటికల్లా చీకటి. మిగతావాళ్ళంతా లేక్ డిస్ట్రిక్ట్ అని, స్కాట్లండ్ అని ఫోటోలు పెడుతుంటే నాకు టెన్షన్‌గా ఉంది" అన్నావు. నేను "ఏం కాదులే" అని ఊరుకున్నాను. నాకు ఫోన్లో మాట తోచదని నీకు తెలుసుగా. ముప్ఫై ఏళ్ళు రైల్వే గార్డు పనిలో రోజూ కాగితాలు నింపిన చెయ్యి, కలం పట్టుకుంటేనే నోరు లేస్తుంది.

ముందు నా తప్పొకటి ఒప్పుకుంటాను. ఏప్రిల్‌లో మీ దగ్గరికి వచ్చిన కొత్తలో ప్రతి శనివారం పొద్దున్నే నీతో గొడవ పెట్టుకునేవాణ్ని. రెండేళ్ళ వెధవకి ఏం గుర్తుంటుందని ఈ తిరుగుడు, పెట్రోలు దండగ, పార్కింగు దండగ, ఇంట్లో పప్పన్నం తిని పడుకుంటే పోయేదేముంది అనేవాణ్ని. నువ్వు జవాబు చెప్పకుండా డైపర్లు, తడి టిష్యూలు, రెండు జతల బట్టలు, పెరుగన్నం డబ్బా సంచిలో కుక్కుతుండేదానివి. ఆ సంచి బరువు చూసి, పెళ్ళికి తరలి వెళ్తున్నామా అని కూడా అన్నాను. అదీ తప్పే.

యార్క్ వెళ్ళినప్పుడు నా మాటే నెగ్గిందనుకున్నా. లీడ్స్ నుంచి రైల్లో అరగంట లోపే. అయిదేళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్ లేదు. ఆ రైల్వే మ్యూజియంకి లోపలికి వెళ్ళడానికీ డబ్బులు అడగలేదు. నేను మాత్రం మనిషిని మనిషిలా లేను. 1938లో గంటకు 126 మైళ్ళు పరుగెత్తిన మల్లార్డ్ ఇంజన్ నీలంగా నిగనిగలాడుతూ ఎదురుగా ఉంది. ఆవిరి ఇంజన్లలో ఇప్పటికీ ప్రపంచ రికార్డు దానిదే. ఇంకో ఇంజన్ని పక్క నుంచి నిలువునా కోసి, బాయిలరు, లోపలి గొట్టాలు, సిలిండరు అన్నీ కనిపించేట్టు పెట్టారు. బిట్రగుంట లోకో షెడ్డులో మీ తాతయ్య ఫైర్‌మన్‌గా జీవితమంతా బొగ్గు వేశాడు కదా, ఆ బొగ్గు లోపల ఏం చేసేదో నాకు అరవై ఏడేళ్ళకు అక్కడ అర్థమైంది. చిన్నోడు ఏం చూశాడు? నేలలో పరిచిన పట్టాల పక్కనున్న గాడి చూశాడు. అందులో ఒక ఎండుద్రాక్ష వేశాడు. తీశాడు. వేశాడు. ముప్పావుగంట. "చూశావా, ఈ మాత్రానికి మన ఇంటి ముందు మోరీ చాలదూ" అని నేను గెలిచినట్టు నవ్వాను. నువ్వు మాత్రం వాడి పక్కన నేల మీద కూర్చుని, ఎన్నో వారాల తర్వాత వేడివేడి టీ మొత్తం తాగావు. అది నేను చూశాను గానీ దానికి అర్థం అప్పుడు తెలియలేదు.

ఎప్పుడు తెలిసిందో చెప్తాను. జూన్‌లో వాడికి జలుబు చేసి నర్సరీకి పంపలేదు, గుర్తుందా? నీకు ఆఫీసు. వాడితో మేమిద్దరం. వాన. తొమ్మిదింటికి బొమ్మలన్నీ అయిపోయాయి. పదింటికి మీ అమ్మ పాటలు అయిపోయాయి. పదకొండింటికి ముగ్గురం కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాం. బారుగా ఒకేలాంటి ఎర్రిటుక ఇళ్ళు, అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. గంట నిలబడితే పోస్టు వేసే మనిషి తప్ప నరమానవుడు కనపడలేదు. అప్పుడు నాకు మన సత్యనారాయణపురం క్వార్టర్సు గుర్తొచ్చాయి. నిన్ను పెంచామని మేం చెప్పుకుంటాం కానీ, పెంచింది ఆ అరుగు. పొద్దున్నే నీకు చొక్కా తొడిగి అరుగు మీద వదిలితే పక్క క్వార్టరు మామ్మగారు అన్నం పెట్టేది, ఎదురింటి పిల్లలు ఎత్తుకు తిరిగేవాళ్ళు, కూరగాయల బండివాడు చేతిలో క్యారెట్ ముక్క పెట్టేవాడు. మీ అమ్మ వంట చేసుకునేది. మీకక్కడ ఆ అరుగు లేదు. దాన్ని మీరు ప్రతి శనివారం కారులో వెతుక్కుంటూ పోతున్నారు. అంతే కదా సంగతి?

జలుబు తగ్గాక మంగళవారం వాణ్ని లైబ్రరీలో పాటల గంటకు తీసుకెళ్ళాం. ఉచితం. కింద చాప మీద ఓ పదిహేనుమంది. బురఖా వేసుకున్న అమ్మాయి ఒకతె, పోలండ్ నుంచి వచ్చిన తల్లి ఒకతె, నాలాంటి ముసలాయన ఒకడు మనవరాలితో. పాటలు అరగంటే. ఆ తర్వాత మరో గంట ఎవరూ లేవలేదు. పిల్లలు ఒకళ్ళ బిస్కెట్ ఒకళ్ళు లాక్కుంటున్నారు, పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. లైబ్రరీ ఆవిడ నన్ను "ఆల్‌రైట్, లవ్?" అని పలకరించింది. యార్క్‌షైర్లో బస్సు డ్రైవరు దగ్గర్నుంచి కూరగాయలమ్మే మనిషి దాకా అందర్నీ అలాగే అంటారని నువ్వు ఎంత చెప్పినా మీ అమ్మ ఇప్పటికీ నమ్మడం లేదు. ఆ తర్వాత ఆ లైబ్రరీకి ఒంటరిగా పంపలేదు నన్ను.

కాబట్టి తిరగొద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. దూరం తగ్గించమని.

విట్బీ ప్రయాణం తల్చుకో. డెబ్భై మైళ్ళు. మూర్స్ అనే ఆ బీడు కొండల మీద మెలికల రోడ్డులో, ఊదారంగు పూలు బాగున్నాయని మీ అమ్మ అంటుండగానే వాడు కార్ సీటంతా వాంతి చేసుకున్నాడు. రోడ్డు పక్కన గాలిలో వాణ్ని బట్టలు విప్పి తుడిచాం. సముద్రం కనపడే సరికి నిద్రపోయాడు. లేపితే ఏడుపు. కొండ మీది అబ్బేకి, అదే ఆ పాడుబడ్డ క్రైస్తవ మఠానికి, 199 మెట్లు. అల్లుడుగారు చిన్నోడి తోపుడు బండి ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని సగం ఎక్కాం, సగంలో కూర్చున్నాం. మీ అమ్మ మాత్రం తిరుపతి మెట్లలా ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ పైకి పోయి, సరిగ్గా 199 ఉన్నాయని వచ్చి చెప్పింది. కిందికి దిగి చేపా చిప్సూ కొంటే, అల్లుడుగారి చేతిలోంచి పెద్ద చిప్పు సీగల్ అనే ఆ సముద్రపు పక్షి తన్నుకుపోయింది. తిరుగు ప్రయాణంలో మీరిద్దరూ మాట్లాడుకోలేదు. తప్పు ఎవరిదీ కాదు తల్లీ. పసివాడికి రోజు మొత్తంలో ఉండేది రెండు మంచి గంటలు, పొద్దున లేచి తిన్నాక మధ్యాహ్నం పడుకునేదాకా. ఆ రెండు గంటలూ కారులోనే ఖర్చయిపోయాయి.

అదే రౌండ్‌హే పార్కు చూడు. ఇంటి నుంచి ఇరవై నిమిషాలు. ఏడు వందల ఎకరాలు దాటిన పార్కు, మనకు కావలసింది మాత్రం అందులో బాతులున్న చెరువు గట్టు, ట్రాపికల్ వరల్డ్. ఆ అద్దాల ఇంట్లో అడుగు పెట్టగానే కళ్ళజోడు మసకబారి, వెచ్చటి తేమ మొహానికి కొట్టింది. "అబ్బ, బెజవాడ!" అని స్వెట్టర్ విప్పేసింది మీ అమ్మ. సీతాకోకచిలుకలు భుజం మీద వాలుతుంటే చిన్నోడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ముంగిసల్లాంటి మీర్‌క్యాట్లు రెండు కాళ్ళ మీద లేచి చూస్తుంటే వీడూ చేతులు అలాగే పెట్టుకుని చూశాడు. చీకటి గదిలో గబ్బిలాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీ అమ్మకు కోపం వచ్చింది, వీటిని చూడ్డానికి టిక్కెట్టా అని. ఒంటిగంటకల్లా ఇంట్లో ఉన్నాం. వాడు అన్నం తిని పడుకున్నాడు, మీరిద్దరూ పడుకున్నారు. ఈ చలికాలం నెలకు రెండుసార్లు అక్కడికే వెళ్ళండి. వెళ్ళిన చోటికే వెళ్ళడం నీకు విసుగేమో. వాడు మాత్రం రెండోసారి వెళ్ళినప్పుడు బాతుల చెరువు మలుపు తిరగకముందే "డక్" అని చెయ్యి చూపించాడు. దారి వాడికి తెలిసిపోయింది. అరుగంటే అదే కదా, తెలిసిన చోటు.

వేక్‌ఫీల్డ్ దగ్గర శిల్పాల పార్కు కూడా బాగుంది కానీ అక్కడ నాకు అర్థమైంది తక్కువ. హెన్రీ మూర్ చేసిన అంతంత కంచు విగ్రహాలను గొర్రెల మధ్య గడ్డిలో వదిలేశారు. ఆయనది పక్కనే కాసిల్‌ఫర్డ్ అట, విగ్రహాల చుట్టూ గొర్రెలుంటేనే బాగుంటుందనేవాడట. చిన్నోడి అభిప్రాయం కూడా అదే. విగ్రహం వైపు ఒక్కసారీ చూడలేదు, గొర్రె పెంటికలు ఏరాడు. వాడికి ఆ నీలం వాన డ్రెస్సు, గంబూట్లు వేసి వదిలితే చాలు. వానలో వాడికేం కాదు, బట్టలు సరిగ్గా వేస్తే. అక్కడివాళ్ళు వాన వెలిసేదాకా ఆగరు, ఆగితే ఏడాదిలో సగం ఇంట్లోనే అయిపోతుందని వాళ్ళకు తెలుసు. బోల్టన్ అబ్బే దగ్గర నదిలో రాళ్ళు వేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. అబ్బే శిథిలాల పక్కన ఇసుక ఒడ్డు దాకా సరే, ఎగువన స్ట్రిడ్ అని నది ఇరుకు రాళ్ళ మధ్య దూరేచోటికి వాడితో వెళ్ళకండి. వెడల్పు తక్కువని చూడొద్దు, లోతూ ఉరవడీ చాలా ఎక్కువ. గార్డు బుద్ధి నాది, ప్రమాదం ముందే చెప్పకపోతే నిద్ర పట్టదు.

కీత్లీ ఆవిరి రైలు గురించి చివరకు ఉంచాను.

ఆ రోజు నేను కళ్ళు తుడుచుకుంటుంటే పొగ పడిందని చెప్పాను. పొగే, కాదనను. ఆక్సన్‌హోప్ దాకా అయిదు మైళ్ళ లైను. గిట్టుబాటు కాదని ప్రభుత్వం మూసేస్తే, ఊళ్ళవాళ్ళు చందాలేసుకుని 1968లో మళ్ళీ తెరిచారు. ఇప్పటికీ నడిపేది ఎక్కువగా జీతం లేని వాలంటీర్లేనని నువ్వు చెప్పావు. కీత్లీ ప్లాట్‌ఫాం మీద ఇంజన్ ఆవిరి వదలగానే ఆ వాసన, బొగ్గు, వేడి నూనె, తడి ఇనుము కలిసిన వాసన, అది మీ తాతయ్య ఖాకీ చొక్కా. ఆరేళ్ళప్పుడు క్యారేజీ పట్టుకుని షెడ్డుకు వెళ్ళేవాణ్ని. ఆయన చేతులు కడుక్కున్నా గోళ్ళలో నలుపు పోయేది కాదు. ఆ చేత్తోనే నాకు ముద్ద పెట్టేవాడు. ఇంజన్ కూత పెట్టగానే చిన్నోడు బెదిరి నా మెడ పట్టుకుని ఏడ్చాడు. కూత ఆగగానే తల ఎత్తి "అగైన్" అన్నాడు.

దిగాక ఆ తెల్లగడ్డం గార్డుతో నేనూ గార్డునేనని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్తే, ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపి, తన పచ్చజెండా చిన్నోడి చేతికిచ్చాడు. (మా ఉద్యోగాన్ని ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆ మాట ఆయనకు చెప్తే పకపకా నవ్వాడు.) తిరుగు బండిలో నిన్ను ఒక మాట అడిగాను. చేతిలో పాసులుండి కూడా నిన్ను ఎక్కడికీ తిప్పలేకపోయాను, పుట్టు వెంట్రుకలకు తిరుపతి, ఒకసారి ఉండవల్లి గుహలు, అంతేగా, ఏమన్నా గుర్తుందా అని. "గుహలు గుర్తులేవు నాన్నా. నువ్వు డ్యూటీ దిగి సందు మొదట్లోకి రాగానే విజిల్ ఊదేవాడివి, నేను అరుగు మీంచి దూకేదాన్ని, అది గుర్తుంది" అన్నావు. నేను దానికేం అనలేదు. కిటికీలోంచి గొర్రెల్ని చూశాను.

పాతికో తేదీకి ఎదురింటివాళ్ళ అబ్బాయి మాంచెస్టర్ వస్తున్నాడు. మీ అమ్మ సున్నుండలు, కందిపొడి, గోంగూర పచ్చడి కడుతోంది. పచ్చడి రెండు కవర్లలో వేయమన్నాను, పోయినసారి అల్లుడుగారి చొక్కాలు పాడయ్యాయి. అడుగున గుడ్డలో చుట్టి నా డ్యూటీ విజిల్ పెట్టాను. ఇంట్లో ఊదనివ్వకు, మీ పక్కింటి గోడ పల్చన. పార్కుకు తీసుకెళ్ళు, చెరువు గట్టు మీద ఊదుకుంటాడు. నోట్లో పెట్టుకునేముందు వేడినీళ్ళలో ఒకసారి మరిగించు, లోపలి బెండు బంతి తడిస్తే ఒక రోజు మోగదు, కంగారు పడకు.

ఇట్లు,
మీ నాన్న