సెయింట్ ఆండ్రూస్ ప్రయాణం గురించి

మిత్రులందరికీ నమస్కారం. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కు వెళ్లి, ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలో ఆడదామన్న మాట వచ్చింది కదా. అక్కడ ఒక్క రౌండుకు వేసవి రుసుము 2023లో 295 పౌండ్లు, 2025లో 340. పిల్లల చదువులు చూసుకునేవాళ్లకు ఇది చిన్న మొత్తం కాదు. ఎవరూ మొహమాటపడి ఒప్పుకోవద్దు.

పక్కనే ఉన్న న్యూ కోర్సులో ఆడదామని నా కోరిక. పేరుకే కొత్తది, 1895 నాటిది. రుసుము బాగా తక్కువ. అదే సముద్రపు గాలి, అదే ఇసుక నేల, బంతి పడ్డాక కూడా దొర్లుకుంటూ పోయే గట్టి పచ్చిక. ఓల్డ్ కోర్సులో ఆడే అవకాశం కోసం తీసే బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, మాత్రం ఇష్టమున్నవాళ్ల పేర్లు వేద్దాం, ఆటకు రెండు రోజుల ముందు తీస్తారు. ఆదివారం అక్కడ మామూలుగా ఆట ఉండదు, ఎవరైనా నడవవచ్చు. అక్కడే ఉన్న స్విల్కెన్ రాతి వంతెన మీద అందరం ఫొటో దిగుదాం!

హ్యాండిక్యాప్ పత్రం (మీ ఆట స్థాయిని అంకెలో చూపేది) మరవకండి. వచ్చేవారు శుక్రవారంలోగా చెప్పండి, గదులు చూడాలి.