కుక్కని తిప్పుతూ మా గోడ దగ్గర ఆగిన పెద్దాయనకి థాంక్స్

లీడ్స్‌లోని మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. నాలుగు రోజుల తర్వాత ఇవాళే ఇంట్లో స్వెట్టర్ లేకుండా కూర్చున్నాం. సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మంగళవారం పొద్దున మైనస్ 6. ఇల్లు వేడిచేసే గ్యాస్ బాయిలర్ గుడగుడలాడి ఆగిపోయింది. బయట గోడ మీది ప్లాస్టిక్ పైపు మీద మావారు కెటిల్‌తో సలసల కాగే నీళ్లు పోయబోతుంటే, కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన "ఆగండి, పైపు పగులుతుంది!" అని కేకేస్తూ గేటు తీసుకుని వచ్చేశారు. ఎవరో తెలియదు. నలభై ఏళ్లు హీటింగ్ పని చేసి రిటైరయ్యారట.

అది కండెన్సేట్ పైపు. బాయిలర్ పొగలోని ఆవిరి చల్లబడి నీరై అందులోంచి బయటికి పోతుంది. ఆ నీరు సన్నగా కారుతుంది కాబట్టి ఇట్టే గడ్డకడుతుంది. వెనక నీరు నిలిస్తే బాయిలర్ తనంతట తనే ఆగిపోతుంది. మరిగే నీళ్లు వద్దు, స్నానం నీళ్లంత వేడి ఉంటే చాలన్నారు. వంపు దగ్గర, కింది చివర జగ్గుతో పోయించి, వేడినీళ్ల సంచి చుట్టి ఉంచి, ఇరవై నిమిషాల తర్వాత రీసెట్ నొక్కమన్నారు. వెలిగింది. మా పైపు 21.5 మిల్లీమీటర్లది. ఇంటి బయట కనీసం 32 ఉండాలి, వీలైనంత పొట్టిగా, కిందికి వాలుగా, నీళ్లు చొరని తొడుగుతో ఉండాలి. మధ్యాహ్నం తొడుగు ఆయనే తెచ్చి, మోకాళ్ల నొప్పులతో మంచులో కూర్చుని చుట్టారు.

అక్కడితో వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. పక్కనే గోడలోంచి వచ్చిన సన్న రాగి గొట్టానికి మంచు ఊచ వేలాడుతుంటే చూసి, "రోజూ బాయిలర్‌లో నీటి ప్రెషర్ పడిపోతోందా?" అని అడిగారు. ఎవరూ చెప్పకుండానే! లోపలికి రమ్మంటే గుమ్మం దగ్గర మా చెప్పుల వరస చూసి, మెట్టు మీద కూర్చుని, వంగలేక వంగి తన బూట్ల తాళ్లు విప్పుకున్నారు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు అక్కడ వచ్చేసింది.

బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ చూపించే గేజ్ 1 నుంచి 1.5 బార్ (ప్రెషర్ కొలత) మధ్య ఉండాలి. వేడెక్కితే 2 దాకా వెళ్లొచ్చు. మాది 3కి ఎగబాకి, చల్లారాక సున్నాకి పడుతోంది. వంద లీటర్ల నీరు 10 డిగ్రీల నుంచి 80కి వేడెక్కితే సుమారు మూడు లీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకి చోటిచ్చేది ఎక్స్‌పాన్షన్ వెసెల్: మధ్యలో రబ్బరు పొర, ఒకవైపు గాలి, ఒకవైపు నీరు. ఆ గాలి దిగిపోతే పెరిగిన నీటికి చోటుండదు, 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుని రాగి గొట్టంలోంచి బయటికి పారబోస్తుంది. మీకూ ఈ అనుమానం ఉంటే ఆ గొట్టం చివర ఒక ఫ్రీజర్ సంచి రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రంతా హీటింగ్ నడపండి. సంచిలో నీళ్లు చేరితే ఆ వాల్వులోంచే పోతున్నట్టు. చేరకపోతే రేడియేటర్ల (గదుల్లో వేడినీళ్లు తిరిగే పలకల) జాయింట్ల దగ్గర కారుతోందేమో వెతకాలి.

ఇక్కడ నా కడుపుమంట చెప్పుకోకపోతే ఊరుకోలేను. బాయిలర్ పాడైతే బాగుచేస్తామని నెలనెలా డబ్బులు కట్టించుకునే బాయిలర్ కవర్ కంపెనీ రెండు నెలలుగా చెప్పింది ఒకటే: ఫిల్లింగ్ లూప్ (కుళాయి నీళ్లు సిస్టంలోకి పట్టే గొట్టం) తిప్పి నీళ్లు పట్టుకోండి. కొత్త నీళ్లతోపాటు కొత్త ఆక్సిజన్ వెళ్తుంది, ఇనుము తుప్పు పడుతుంది, నల్ల బురదై రేడియేటర్ అడుగున చేరుతుంది. కింది గదిలో రేడియేటర్ పైన వేడి, కింద చల్లన ఎందుకో అప్పుడు అర్థమైంది. (పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. హీటింగ్ ఆపి, చల్లారాక, రేడియేటర్ కీతో పావు చుట్టు తిప్పి ఆ గాలి వదిలితే చాలు.) ఏటా సర్వీసు చేసి సంతకం పెట్టినవాళ్లు ఒక్కసారైనా వెసెల్ గాలి చూశారా? మొన్న పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా కాచుకుని కూర్చుంటే "ఇంట్లో ఎవరూ లేరు" అని కేసు మూసేశారు. తర్వాత ఫోన్ చేసి కొత్త బాయిలర్ కొనమన్నారు.

పెద్దాయన మాత్రం బాయిలర్ మూత ముట్టుకోలేదు. "నా గ్యాస్ సేఫ్ కార్డు (గ్యాస్ పని చేసేవాళ్ల గుర్తింపు కార్డు) గడువు అయిపోయింది, తీయకూడదు" అన్నారు. తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి ఫోన్ చేశారు. అతనికి శుక్రవారం రాత్రిగానీ తీరలేదు. ప్రెషర్ నిలవని బాయిలర్‌ని నమ్ముకోలేం కాబట్టి, అందాకా ఉండమని తన ఇంట్లోంచి రెండు ఆయిల్ హీటర్లు తెచ్చిచ్చి, ఎక్స్‌టెన్షన్ వైరుకి పెట్టకండి, గోడ సాకెట్‌కే పెట్టండని రెండుసార్లు చెప్పారు.

కుర్రాడు తొమ్మిదింటికి వచ్చాడు. కార్డు చూపించాకే పని మొదలుపెట్టాడు. వెసెల్‌కి కారు టైరుకున్నలాంటి గాలి వాల్వు ఉంటుంది, దాని పిన్ను నొక్కితే నీళ్లు రాలేదు. వస్తే పొర చిరిగినట్టే, వెసెల్ మార్చాల్సిందే. సిస్టంలో ప్రెషర్ సున్నాకి దించి, డ్రెయిన్ తెరిచే ఉంచి, పంపుతో 0.75 బార్ గాలి కొట్టాడు. నీటి ప్రెషర్ ఉండగా కొడితే లెక్క తప్పుతుందట. మాటిమాటికీ తెరుచుకున్న సేఫ్టీ వాల్వు సీటు మీద నలక చేరి ఇక సరిగ్గా మూసుకోదు కాబట్టి దాన్నీ మార్చి, తుప్పు పట్టకుండా ఇన్‌హిబిటర్ పోసి, 1.3కి నింపి, ఫిల్లింగ్ లూప్ విప్పేశాడు. పార్టుల డబ్బే తీసుకున్నాడు. పెద్దాయనైతే టీ తాగారంతే. అట్టముక్క మీద మార్కర్‌తో "చల్లగా 1.3, వేడిగా 2 లోపు" అని రాసి బాయిలర్ అల్మారాలో అంటించి వెళ్లారు.

మావారు, అత్తయ్యగారు, పిల్లలు సరే, ఇంట్లోవాళ్లకి థాంక్సేమిటి.

అయ్యో, రెండు రాత్రులు పులిహోర, చారు పంపిన మూడో వీధి వదినగారి గురించి రాయనేలేదు! తొడుగు కొలత కోసి ఇచ్చిన ప్లంబింగ్ షాపు అమ్మాయికి కూడా థాంక్స్. వేడినీళ్ల సంచి పక్కింటివాళ్లది, ఇంకా మా దగ్గరే ఉంది. రేపు తెచ్చిస్తామండీ.