నాణేల సంఘం వార్షిక నివేదిక: జర్మనీ వెండి నమూనాల విభాగం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం పనంతా వైమార్ రిపబ్లిక్ కాలపు (1919–1933 జర్మనీ) 5 రైష్‌మార్కుల నమూనాల మీదే, అంటే ప్రయోగంగా చేసిన నాణేల మీదే సాగింది. 1924లో జర్మనీ కరెన్సీగా రైష్‌మార్కు వచ్చాక వెండి నాణేలను సగం వెండితోనే కొట్టారు. ఓక్ చెట్టు బొమ్మతో 25 గ్రాముల 5 మార్కుల నాణెం 1927లో మొదలైంది. మింటులో (ప్రభుత్వ టంకశాలలో) కొట్టిన ప్రయోగాత్మక ముద్రలు, మ్యూనిక్ పతకశిల్పి కార్ల్ గోట్స్ సొంతంగా చేసిన నమూనాలు అమ్మకాల్లో ఒకే పేరుతో కనిపిస్తాయి. రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పు. అందుకే మన రిజిస్టరులో వాటికి వేర్వేరు పేజీలు కేటాయించి, ప్రతి నాణేనికీ షాఫ్ కేటలాగు (జర్మనీ నమూనా నాణేల జాబితా పుస్తకం) నంబరు రాశాం.

పరీక్షా తరగతుల్లో ఎక్కువ సమయం సాంద్రతకే పట్టింది. 0.01 గ్రాము చూపే కాటా మీద డిస్టిల్డ్ వాటర్ గ్లాసు పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో వేలాడదీసి పూర్తిగా ముంచాలి. అడుగుకీ అంచుకీ తగలకూడదు. కాటా చూపిన అంకెతో నాణెం బరువును భాగించాలి. 25 గ్రాములకు 2.6 వస్తే సాంద్రత 9.6, అంటే సగం వెండికి సరిపోయినట్టే. 2.8 వస్తే వెండి పూతేసిన రాగి కావచ్చు. బుడగ అంటుకుంటే అంకె పెరిగి మంచి నాణెం కూడా నకిలీగా తేలుతుంది. నీళ్లలో ఒక్క చుక్క సబ్బు కలిపితే బుడగలు నిలవవు. తర్వాత మంచినీళ్లలో ముంచి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి.

ఈ పరీక్షకు చిక్కని మోసం ఒకటుంది: మామూలు ఓక్ నాణెం మీద పంచ్‌తో (అక్షరం చెక్కిన ఉలితో) 'ప్రోబె' (జర్మన్‌లో 'నమూనా') అని కొట్టి, దాన్ని నమూనాగా చూపడం. లోహం అసలుదే కాబట్టి సాంద్రత సరిగ్గానే వస్తుంది. పది రెట్ల భూతద్దంలో చూస్తే గుంట అక్షరాల చుట్టూ లోహం ఒత్తుకుని గట్టులా లేచి ఉంటుంది, మింటు మెరుపు అక్కడ తెగిపోతుంది, వెనకవైపు అదే చోట బొమ్మ నలిగి ఉంటుంది. ఉబ్బెత్తు అక్షరాలను పంచ్‌తో తేవడం కుదరదు. కొనేముందు రెండు వైపులతో పాటు అంచు ఫొటో కూడా అడగండి.

తీరప్రాంత సభ్యులకు ప్రత్యేక మనవి. సగం రాగి ఉన్న ఈ నాణేలు తేమకు త్వరగా ఆకుపచ్చ చిలుము పడతాయి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వెంటనే తీసేయండి. మైలార్ (పాలిస్టర్) కవర్లు, తేమ పీల్చే సిలికా జెల్ వాడండి. రబ్బరు బ్యాండ్లలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

వచ్చే ఏడాది వెయ్యికి 900 పాళ్ల వెండితో 13.88 గ్రాములుండే 1934 తర్వాతి 5 మార్కుల నమూనాలను తీసుకుంటాం. వాటికి సాంద్రత 10.3 రావాలి. పరీక్షకు తెచ్చేవారు నాణెంతో పాటు కొన్న రసీదు నకలు కూడా తీసుకురావాలి.