ఆ బొమ్మ కొడుకుది

సంపాదకుడికి,

గత ఆదివారం అనుబంధంలో ఇటలీ చిత్రకారుడు టియెపోలో మీద వ్యాసం ఇష్టంగా చదివాను. అయితే గుడ్డు పగిలి అందులోంచి పొడుగు ముక్కు మనిషి బయటికొస్తున్న బొమ్మ కింద తండ్రి జాంబట్టిస్టా పేరు వేశారు. అది కొడుకు జాన్‌డొమెనికోది. తండ్రి 1770లోనే మాడ్రిడ్‌లో చనిపోయాడు. ఈ బొమ్మ గీసేనాటికి కొడుక్కే డెబ్బై ఏళ్లు. తండ్రి కూడా ఈ పుల్చినెల్లా బొమ్మలు కొన్ని గీశాడు కాబట్టి పొరపాటు జరిగి ఉంటుంది.

పుల్చినెల్లా నేపుల్స్ నాటకాల్లో హాస్యగాడు, మన తోలుబొమ్మలాటలో కేతిగాడి వరస. 1797లో వెనిస్ నెపోలియన్‌కి లొంగిపోయిన రోజుల్లో జాన్‌డొమెనికో వీడి కథను ముఖపత్రంతో కలిపి 104 కాగితాల మీద గీశాడు. పేరేమో పిల్లల వినోదం కోసమని పెట్టాడు, లోపల మాత్రం ఉరి తీయడం కూడా ఉంది! 1920లో లండన్‌లో వేలం వేశాక ఆ కట్ట చెల్లాచెదురైంది.

ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పినవాణ్ణి కాబట్టి ఇంకో మాట. పుల్చినెల్లా తెల్లబట్టలకు ఆయన రంగేమీ వేయలేదు. చుట్టూ గోధుమరంగు సిరా నీళ్లలో కలిపి పూసి, బట్టల దగ్గర కాగితాన్ని అలాగే వదిలేశాడు. గీత కాస్త వణుకుతుంది, ఆ వణుకులోనే బట్ట ముడతలు కనిపిస్తాయి. మీ ప్రింటులో బొమ్మంతా పసుపు కమ్మేసి ఆ తెలుపు కాస్తా పోయింది.

రెండేళ్ల కిందట మిలాన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు వెనిస్‌లోని కా రెజ్జోనికో మ్యూజియం చూశాను. జాన్‌డొమెనికో తన సొంత ఇంటి గోడ మీద 1791లో వేసుకున్న 'కొత్త ప్రపంచం' ఇప్పుడు అక్కడే ఉంది. అయిదు మీటర్లకు పైగా పొడవు. బయోస్కోపు పెట్టెలోకి తొంగిచూడ్డానికి జనం ఎగబడుతుంటారు, దాదాపు అందరూ మనకు వీపు చూపించి! లోపల ఏముందో మనకు చూపించడు. మా ఆవిడ నవ్వి, "మనల్నీ వాళ్ల వెనకాల క్యూలో నిలబెట్టాడు" అంది. తండ్రి దేవతల్ని మేడ కప్పుల మీద ఎగరేశాడు, బాగానే ఉంది. నాకు మాత్రం ఈ వీపులే నచ్చాయి.

సవరణ వేసేటప్పుడు వీలైతే ఆ చిత్రం కూడా వేయండి. కుడి అంచు మాత్రం కత్తిరించొద్దు. పక్కకి తిరిగి నిలబడ్డ తండ్రీకొడుకులు ఉన్నది అక్కడే అంటారు.

- ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, తెనాలి