పుండు నేరమంతా కారానిదేనా?

సంపాదకులకు,

కడుపులో పుండుకు కారమే మూలమని మీ ఉత్తరాల శీర్షికలో ఒకరు తేల్చేశారు. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నా. నాకూ పుండు పడింది, ఊరుబిండి పచ్చడి కారం వల్ల కాదు. అలిపిరి మెట్లెక్కి మోకాళ్లు పట్టేస్తే, డాక్టరు చీటీ లేకుండా కొన్న నొప్పి బిళ్లలు మూడు నెలలు పరగడుపున మింగాను. ఒకరోజు విరేచనం తారులా నల్లగా అయింది. ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయం దాటగానే, ఆంత్రమూలంలో పుండు.

సుమారు పావు మీటరుండే ఆ పేగు ముక్క మీదికే జీర్ణాశయంలోని ఆమ్లమంతా దిగుతుంది. అయినా కాలదు. దాని గోడ తానే బైకార్బనేట్ ఊరిస్తుంది, మన వంటసోడాలో ఉండేదే. పైనున్న జిగురు పొర దాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతుంది. పేగు నడుమ పీహెచ్ 2, అంటే గట్టి ఆమ్లం ఉన్నా, గోడను ఆనుకుని 7 దరిదాపుల్లో, అంటే మంచినీళ్లలా ఉంటుంది. మిగతా ఆమ్లాన్ని క్లోమరసం విరిచేస్తుంది. క్లోమానికి ఆ కబురు మోసే సెక్రెటిన్ అనే హార్మోన్‌ను బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు 1902లోనే పట్టుకున్నారు.

గోడకు సోడా ఊరించమని చెప్పేవాటిలో ముఖ్యమైనవి ప్రోస్టాగ్లాండిన్లు అనే, ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు. నేను మింగిన బిళ్లలు ఆపేది సరిగ్గా వాటినే! బీడీ, సిగరెట్టు కూడా ఈ ఊటను తగ్గిస్తాయి. పుండ్లు పుట్టించే హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి సంగతి సరేసరి, దాన్ని బయటపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది.

మా ఇంటామె మాత్రం ఇప్పటికీ సంగటి పక్కన ఊరుబిండి పెట్టడం లేదు. ఇది అచ్చయితే కత్తిరించి చూపిస్తాను.

– ఒక రిటైర్డ్ సైన్సు టీచరు, కొర్లగుంట, తిరుపతి