జలవనరుల మంత్రి గారికి కాలువ శివారు రైతు బహిరంగ లేఖ: ముందు మురుగు పోయే దారి చూడండి

గౌరవనీయులైన జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పోలవరం గురించీ, నదుల అనుసంధానం గురించీ మీకు రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నేను డ్రెయిన్ల గురించి, అంటే పొలాల్లో మిగిలిన నీరు సముద్రంలోకి పోయే దారుల గురించి రాస్తున్నాను. వినడానికి చిన్న విషయమే. కానీ గోదావరి డెల్టాలో ముందు ముందు వరి ఉంటుందా పోతుందా అన్నది తేలేది కాలువ దగ్గర కాదు, డ్రెయిన్ దగ్గరే.

కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశారు. ఇవాళ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో కలిపి దాదాపు 10 లక్షల ఎకరాలకు నీరందుతోంది. అయితే నీళ్ళు తెచ్చే కాలువ మీద ఉన్న శ్రద్ధ నీళ్ళు పోయే దారి మీద ఏ ప్రభుత్వానికీ లేదు. మురుగు బాగుచేయడానికని డెల్టా రైతుల మీద సెస్సు వేస్తూ 1968లోనే చట్టం వచ్చింది, అయినా మునక తప్పలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడం ఒక కారణమైతే, ఏటా పడే మునక ఇంకో కారణం. ధర సంగతి అందరికీ గుర్తుంది, మునక సంగతి మరిచిపోయారు.

గోదావరిలో నీళ్ళకేం కొదవ అంటారు. లెక్క చూడండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) దాటింది. ఆ వేగంతో ఒక్క రోజు పారితే 215 టీఎంసీల పైమాటే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). పోలవరం నిండా పట్టేది 194.6 టీఎంసీలు. అదే దాళ్వా (రబీ వరి) చివర్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మనకుండే నిల్వ 3 టీఎంసీల లోపు. మూడు డెల్టాలకూ నిండుగా వదిలితే మూడు రోజులకు రాదు. అందుకే ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి సీలేరు జలవిద్యుత్ కేంద్రాల్లో కరెంటు తీసి వదిలే నీళ్ళ కోసం ఎదురుచూపులు, వంతులు, డ్రెయిన్‌కి అడ్డుకట్ట వేసి ఇంజన్లతో ఎగదోడుకోవడాలు. ఒక నెలలో ముంచేంత, ఇంకో నెలలో నోరు తడవనంత. వాతావరణం మారే కొద్దీ ఈ రెండు కొసలూ ఇంకా దూరం జరుగుతున్నాయి.

ఇక డ్రెయిన్ పని చేసే తీరు మీకు తెలియంది కాదు, మీదీ ఈ డెల్టానే. అయినా చదివేవాళ్ళ కోసం చెబుతాను. మా పొలాల్లో చాలా భాగం సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. పంపులేమీ లేవు. సముద్రం పాటు మీద, అంటే వెనక్కి తగ్గి ఉన్నప్పుడు డ్రెయిన్ చివర ఉండే స్లూయిస్ తలుపులు తెరుచుకుని మురుగు పోవాలి, పోటు వచ్చినప్పుడు అవే మూసుకుని ఉప్పునీటిని ఆపాలి. తలుపు తుప్పు పడితే ఈ రెండు పనులూ చెడతాయి. డ్రెయిన్ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తే, మా కోనసీమలోని కూనవరం డ్రెయిన్ దగ్గర జరిగినట్టు, పాటులో కూడా నీరు కదలదు. సముద్రమట్టం పెరిగే కొద్దీ మురుగు పోవడానికి దొరికే ఆ కొద్ది గంటలూ తగ్గిపోతాయి. దీనికి తోడు డ్రెయిన్ నిండా అల్లుకుని నీటిని ఆపే గుర్రపుడెక్క.

తుపాన్లకు ముందే కోతలు అయిపోవాలని, కాలువలు జూన్ మొదట్లోనే వదలాలని అధికారులు చెబుతున్నారు. మంచి మాటే, కాదనను. కానీ 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరులో వచ్చి కోసిన పనల్ని తడిపింది. 2025లో మోంథా అక్టోబరు నెలాఖరులో మన నరసాపురం దగ్గరే తీరం దాటింది, అప్పటికి చేలు ఇంకా కోతకే రాలేదు. ఎక్కువ రోజులు పట్టే స్వర్ణ రకం వరి వేసిన రైతు ముందుకు జరిగినా దెబ్బే, వెనక్కి జరిగినా దెబ్బే. నీరు రెండు రోజుల్లో దిగిపోతే చాలా చేలు తేరుకుంటాయి. వారం నిలబడితే గింజ మొలకెత్తుతుంది, కౌలు రైతు అప్పు మొలకెత్తదు గానీ రెట్టింపవుతుంది.

ఉప్పు సంగతి ఇంకా ఘోరం. మా కోనసీమలోనే శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి తోటలు ఎలా ఎండిపోయాయో రాష్ట్రమంతా చూసింది. వరి పోతే మళ్ళీ ఏడాది వేసుకుంటాం. కొబ్బరి పోతే మళ్ళీ కాపు చూడడానికి ఏళ్ళు పడుతుంది. ఉప్పుటేటి పక్కన రొయ్యల చెరువుల పాత్ర కూడా ఉంది. ఆ చెరువుల వాళ్ళలో మా చుట్టాలూ ఉన్నారు కాబట్టి ఈ మాటకి పెళ్ళిళ్ళలో నాకు చివాట్లు తప్పవు. అయినా పంట కాలువలోకి ఉప్పునీరు వదలడాన్ని ఎవరు చేసినా ఆపాల్సిందే.

అందుకే సముద్రంలోకి పోయే ప్రతి చుక్కనూ వృథా కింద రాయకండి. వేసవిలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల్లో కొంత తీపి నీరు కదులుతుంటేనే ఉప్పు వెనక్కి తగ్గుతుంది. ఒండ్రు లెక్క కూడా ఉంది. 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు వచ్చేది, 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఎగువ డ్యాముల వెనకే ఆగిపోతుంటే అంతర్వేది లాంటి చోట్ల తీరం కోతకు గురి కావడంలో ఆశ్చర్యం ఏముంది? పోలవరం నుంచి 200 టీఎంసీల వరద నీరు రాయలసీమలోని బనకచర్లకు తీసుకెళ్ళే ప్రతిపాదన వచ్చినప్పుడు మా దగ్గర కొందరు భయపడ్డారు. రాయలసీమకు నీళ్ళొద్దనే మనుషులం కాము. వరద రోజుల్లో ఎంతైనా తీసుకెళ్ళండి. జనవరి నుంచి మే వరకు బ్యారేజీ కింద పాయల్లోకి ఎంత వదలాలో మాత్రం పోలవరం నిర్వహణ నిబంధనల్లోనే రాయించండి. మాట మీద కాదు, కాగితం మీద.

డ్రెయిన్ పనుల విషయంలో అడిగేది ఇదీ. పనులు మే నెలాఖరుకి మంజూరవుతాయి, జూన్‌లో కాలువలు వదులుతారు, వానలు పడతాయి, పూడిక తీశామని బిల్లులు రాసుకుంటారు. నీళ్ళలో మునిగిన పూడికని ఎవరు కొలుస్తారు? టెండర్లు ఫిబ్రవరిలో పిలవండి. కాలువలకు నీళ్ళు కట్టేసిన రోజునే పని మొదలవ్వాలి, అదీ సముద్రం వైపు నుంచి: ముందు మొగలు, తర్వాత స్లూయిస్ తలుపులు, ఆ తర్వాతే పైన పూడిక. కాలువలూ తలుపులూ చూసుకునే లస్కర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, అవి నింపండి. తలుపు ఎప్పుడు దించాలో తెలిసిన మనిషి లేకపోతే కొత్త తలుపు పెట్టినా లాభం లేదు. 2024 డిసెంబరులో రైతుల నీటి సంఘాలకు ఎన్నికలు జరిపించారు, సంతోషం. ఏ డ్రెయిన్‌లో ఎన్ని కిలోమీటర్లు తీస్తున్నారో, ఎంత ఖర్చో ఆ సంఘాలకు ముందే ఇవ్వండి. సంఘం అధ్యక్షుడు సంతకం పెట్టకుండా బిల్లు చెల్లించవద్దని ఒక ఉత్తర్వు ఇస్తే, వచ్చే సార్వాకి తేడా ఏమిటో మేమే మీకు చెబుతాం.

ఇట్లు,
కోనసీమ శివారు ఆయకట్టు రైతు