కాగితం మీద రాసుకొని వెళ్లు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం నిన్న అందింది. ఆరు వారాలుగా నిద్ర సరిగా పట్టడం లేదని, ఏ పని మీదా మనసు నిలవడం లేదని రాసి, ఆఖరున "ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటివి పట్టించుకుంటారా?" అని అడిగావు. పట్టించుకుంటారు. ఇదే సందేహంతో నేను నాలుగు నెలలు ఇల్లు కదలకుండా గడిపినవాణ్ణి కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

నువ్వు ముందుగా మానసిక వైద్య నిపుణుడి కోసం వెతకనక్కర్లేదు. జ్వరానికీ దగ్గుకూ మందులిచ్చే సాధారణ వైద్యుడి దగ్గరికే వెళ్లు. నిపుణులు చాలినంతమంది లేరు కనుక, డిప్రెషన్, మూర్ఛ వంటి వాటిని గుర్తించి వైద్యం మొదలుపెట్టడం సాధారణ వైద్యులకూ నర్సులకూ నేర్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే ఒక కార్యక్రమం చేపట్టింది.

అసలు చిక్కు లోపలికి వెళ్లాక వస్తుంది. మొదటిసారి నేను తలనొప్పి అని చెప్పి, మాత్రలు రాయించుకొని, చెప్పవలసిన మాట గొంతులోనే ఉండగా బయటికి వచ్చేశాను. (నేను దాచినది ఆయన ఎలా కనిపెడతాడు?) రెండోసారి నిద్ర, ఆకలి, ఏడుపు, పని, ఇవి ఎప్పటినుంచి ఎలా మారాయో ఒక కాగితం మీద రాసుకొని వెళ్లి, కూర్చోగానే ఆయన చేతికిచ్చాను. అప్పుడు గడచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు అడిగారు. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. ఆఖరి ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. దానికి మాత్రం ఏమీ దాచకు, ఎందుకంటే నిన్ను ఎంత తొందరగా చూడాలన్నది చాలావరకు ఆ జవాబును బట్టే నిర్ణయిస్తారు. రక్తపరీక్ష రాస్తే "నా బాధ నమ్మలేదు" అని నాలాగా నొచ్చుకోకు. థైరాయిడ్ లోపం, రక్తహీనత ఉన్నా మనిషి ఇలాగే నీరసించిపోతాడు.

కౌన్సెలింగ్‌కు పంపితే వారాలు, ఒక్కోసారి నెలలు ఆగవలసి రావచ్చు. అందుకని లేచి వచ్చేముందే, పేరు ఏ జాబితాలో చేరింది, కబురు రాకపోతే ఎవరిని అడగాలి, ఈలోగా పరిస్థితి ముదిరితే ఎక్కడికి రావాలి అని అడిగి, ఆ కాగితం వెనకే రాసుకో. నేను అడగలేదు, రెండు నెలల తర్వాత ఆరా తీస్తే నా చీటీ అసలు పైకి వెళ్లనే లేదని తేలింది. మందులు రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, వికారం వంటి ఇబ్బందులు మాత్రం ముందే వస్తాయి. చాలామంది అక్కడే మానేస్తారు. వైద్యుణ్ణి అడగకుండా నువ్వు ఆపకు.

ఇంకొక్క మాట. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ఏ జాబితా కోసమూ ఆగకుండా, ఏ వేళైనా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లు, ముందు నాకు ఫోన్ చెయ్యి.

ఏ రోజు వెళ్తావో తెలియజేస్తే సెలవు పెట్టి వస్తాను. ఆ వరుసలో ఒంటరిగా కూర్చున్నప్పుడే నేను రెండుసార్లు లేచి వచ్చేశాను మరి.

నీ
వాసు